కాళ్ళు కడుక్కుని బండెక్కే మేస్త్రి

పోయిన ఆదివారం జగ్గయ్యపేటలో పెళ్ళి భోజనం చేసి నందిగామ బయల్దేరాం. మా ఆయన నడుపుతున్నాడు. బైపాస్ ఎక్కకముందే వెనక ఎక్కడో టక్కుమని చప్పుడైంది. గుంత వచ్చినప్పుడల్లా టక్. ఆయనకి వినపడలేదట. సొంత కారు చప్పుళ్ళు ఆయనకి ఏనాడూ వినపడవు.

"మేస్త్రి షెడ్డు దగ్గర ఆపు," అన్నాను.

"ఇవాళ ఆదివారం. ఉంటాడా?"

"లారీలకి ఆదివారం ఉంటే ఆయనకీ ఉంటుంది," అని కసిరాను.

షెడ్డు రేకు తలుపు మూసి ఉంది. దాని ముందు ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ళ డ్రమ్ము బోర్లించి ఉంది. పక్కనున్న పంక్చర్ల కొట్టతను చేతిలో ట్యూబు అలాగే పట్టుకుని లేచి వచ్చాడు.

"మేస్త్రి గారి కోసమాండీ? పోయారండి. నలభయ్యో రోజు కూడా అయిపోయింది. మీకు తెలవదా?"

తెలియదు. మాకు ఎవరు చెబుతారు? ఎందుకు చెబుతారు? ఏడాదికి రెండుసార్లు కారు తీసుకొచ్చే మనుషులం, అంతే. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను గానీ తిరిగి కారెక్కబుద్ధి కాలేదు. షెడ్డు ముందు రెండు సిమెంటు దిమ్మెలుంటాయి. బస్తా ఆకారంలోనే రాయిలా బిగుసుకుపోయిన దిమ్మెలు. వెళ్ళి ఒకదాని మీద కూలబడ్డాను. ఆ దిమ్మెలు మావే. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. తన షెడ్డు మీద ఆయనే రాయించుకోలేదు. రేకు మీద తెల్లరంగుతో 'కమాన్ కట్టలు వేయబడును' అని ఒక్క ముక్క ఉండేది. కమాన్ కట్టలంటే లారీల కింద ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే ఉక్కు పట్టీలు. బరువంతా మోసేవి అవే. సున్నపురాయి లారీలూ సిమెంటు లారీలూ విరగ్గొట్టుకొచ్చిన పట్టీలు మార్చడమే ఆయన పని. కార్లు ఎప్పుడో ఒకటీ అరా వచ్చేవి. అయితే హైవే మీద డ్రైవర్లెవరూ ఆయన్ని కమాన్ మేస్త్రి అనగా నేను వినలేదు. కాళ్ళు కడిగే మేస్త్రి అనేవాళ్ళు.

ఎందుకంటే, ఏ బండినైనా నడిపించి చూడాల్సొస్తే ముందు డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కునేవాడు. వేళ్ళ సందులు కూడా రుద్ది, భుజం మీది ఎర్రగుడ్డతో పొడిగా తుడుచుకుని, చెప్పులు డ్రమ్ము పక్కనే వదిలేసి, వెనక తలుపు తీసుకుని ఎక్కేవాడు. ముందు సీట్లో కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. స్టీరింగ్ ముట్టుకునేవాడు కాదు. నేనూ మొదట ఏదో మర్యాద కొద్దీ చేస్తున్నాడనుకున్నాను.

"కాళ్ళు కడగనక్కర్లేదు బాబాయ్, కింద మ్యాట్లున్నాయి," అన్నాను ఆ మొదటిరోజు.

"మీ బండి మాసిద్దని కాదమ్మా," అన్నాడు. "కాలికి మన్నుంటే నాకేం తెలవదు."

సన్నటి మనిషి. అరవై దాటి ఉంటాయి. గళ్ళ లుంగీ, జేబు దగ్గర గ్రీజు మరకతో పొట్టిచేతుల చొక్కా. లారీ డ్రైవర్ల మీద గొంతు చించుకుని అరిచేవాడు. అదే నోటితో కార్ల గురించి మాట్లాడితే జాలి పడుతున్నట్టుండేది. "దానిదేం తప్పులేదు పాపం," అనేవాడు. అంటే తప్పు మనదని అర్థం. టీ మాత్రం నిలబడే తాగేవాడు.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్ళింది ఆరేళ్ళ కిందట. ముక్త్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైవే, అక్కణ్ణుంచి లారీలు చితక్కొట్టిన రోడ్డు, మొత్తం గంట ప్రయాణం. కారు నేనే నడుపుకుంటూ వెళ్తాను. ఆ గంట నాది. ఇంట్లో అత్తగారూ, ఫ్యాక్టరీలో మేనేజరూ లేని గంట నాకు రోజుకు అదొక్కటే.

ఒక వానాకాలం పొద్దున చిల్లకల్లు దాటాక వంతెన దిగుతున్నాను. పక్క నుంచి ప్రైవేటు బస్సు ఒకటి దూసుకుపోయింది. ఆ గాలికి నా కారు వెనక భాగం ఒకవైపుకి జరిగి, మళ్ళీ ఇవతలికి, మళ్ళీ అవతలికి ఊగింది. స్టీరింగ్ చేతిలో ఉంది గానీ దానికి రోడ్డుతో సంబంధం తెగిపోయినట్టయింది. పక్క లేన్లోకి వెళ్ళిపోయాను. వెనక ట్యాంకరు హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. బండి పక్కకి తీసి, ఆపి, ఆ ట్యాంకరు కనుమరుగయ్యేదాకా కూర్చున్నాను. ఆ రోజు నుంచి వేగం యాభై దాటితే నాకు చెమటలు. వెనక ఒకటే హారన్లు. ల్యాబుకి రోజూ ఆలస్యం.

మా ఆయనకి నందిగామలో ఎరువుల కొట్టు. కొట్లో ఖాళీ దొరికితే ఫోన్లో కార్ల వీడియోలు చూస్తాడు. వైద్యం మొదలుపెట్టాడు. వెడల్పు టైర్లు వేయించాడు. మైలేజీ వస్తుందని వాటిలో గాలి దట్టించాడు. ఆ తర్వాత, ప్రహరీ కట్టగా మిగిలిన రెండు సిమెంటు బస్తాలు తెచ్చి డిక్కీలో వేశాడు. బరువుంటే బండి రోడ్డుకి అతుక్కుంటుందట. మా వైపు ఇదొక నమ్మకం. సిమెంటు ఊళ్ళు కదా, తేలిక బండి ఊగుతోందంటే చాలు, ఒక బస్తా వేసుకోరాదా అంటారు. అయినా ఊగుడు తగ్గలేదు, పెరిగింది. అప్పుడు విజయవాడ నుంచి ఎర్రరంగు స్ప్రింగులు తెప్పించాడు, కారు కిందికి దిగి గట్టిగా నిలబడుతుందని. "ఇవి కూడా వేసి చూద్దాం. తగ్గకపోతే ఇక మానెయ్. ఈ ఉద్యోగం లేకపోతే మనకి జరగదా?" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆ మంచితనానికే ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

ఫ్యాక్టరీ లారీ డ్రైవరొకతను చెబితే ఆ ఎర్ర స్ప్రింగుల పెట్టెతో మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఫోన్లో చూసి రాసుకున్న జాబితా అప్పజెప్పాను. షాక్ అబ్జార్బర్లు మార్చాలి, ఈ స్ప్రింగులు వెయ్యాలి, మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ రాడ్డు లావుది కావాలి, ఎల్లుండికల్లా అయిపోవాలి.

అంతా విన్నాడు. "అయ్యన్నీ తర్వాతమ్మా. ఎక్కడ భయమేసింది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "భయం సంగతి కాదు, బండి ఊగుతోంది."

"ఊగితేనే, ఎక్కడ భయమేసిందీ అంటున్నా. ఫలానా చోటని ఉంటదిగా. పాండి, చూపియ్యండి."

అప్పుడే ఆ కాళ్ళు కడగడం, ఆ వెనక సీటు ఎక్కడం చూశాను. వంతెన దాకా వెళ్ళాం. అద్దంలోంచి చూస్తే కళ్ళు మూసుకుని, పాదాలు రెండూ నేలకి ఆనించి కూర్చున్నాడు. ఈయన నిద్రపోతున్నాడా అని ఒళ్ళు మండింది. వంతెన దిగుతుంటే లారీ ఒకటి పక్క నుంచి వెళ్ళింది. కారు ఊగింది. నేను బిగుసుకుపోయాను.

"స్టీరింగ్ పీక పిసకమాకండమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "దాన్ని కూడా ఊపిరి తీసుకోనియ్యండి."

షెడ్డుకి తిరిగొచ్చాక తిన్నగా డిక్కీ తెరిచాడు. రెండు బస్తాలు. వాన తేమకి బిగిసి రాళ్ళయిపోయాయి.

"ఇయ్యేంటమ్మా?"

"బరువు కోసం."

"మీరేం చేస్తుంటారు?"

"సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టుని."

గొంతుక్కూర్చుని నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. గడ్డకట్టిన సిమెంటు దేనికీ పనికిరాదని రోజూ సంతకం పెట్టే మనిషిని నేను, దాన్నే నెలల తరబడి మోసుకు తిరుగుతున్నాను. నవ్వడా మరి?

"పొడుగు బల్ల మీద ఈ చివర బరువైన మనిషి కూచుంటే ఆ చివర లేస్తదా లేదా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "వెనక చక్రాల అవతల ఇంత బరువేస్తే ముందు చక్రాలు తేలిపోతయ్. తిప్పేది ముందు చక్రాలతోనేగా. ఇంకేం మాట వింటదమ్మా, పాపం."

బస్తాలు దించి షెడ్డు ముందు వేయించాడు. గోతం చించేస్తే దిమ్మెలు మిగిలాయి. ఆ తర్వాత వచ్చిన వాళ్ళంతా వాటి మీదే కూర్చునేవాళ్ళు. మా ఆయన ఎప్పుడైనా వస్తే, "రండి సార్, మీ సింహాసనం ఖాళీగానే ఉంది," అని ఆటపట్టించేవాడు.

"సరే, ఇప్పుడు స్ప్రింగులు ఎప్పుడు వేస్తారు?" అన్నాను ఆ రోజు.

"ఏం వెయ్యనమ్మా. ఇవాళ్టికి బస్తాలు తీశాం. వారం తిరిగి, వచ్చి చెప్పండి."

"ఏం చెప్పాలి? పని చెయ్యమని వస్తే వారం తిరగమంటారేంటి?"

"రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగయ్యిందో, దేనివల్ల చెడ్డదో ఎట్టా తెలుస్తదమ్మా?"

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదటిరోజు చెప్పే పాఠం అదే. ఒకసారికి ఒక్కటే మార్చండి, మిగతావి కదపొద్దు అని అరిచి మరీ చెబుతాను. నా కారు దగ్గరికి వచ్చేసరికి మూడూ కలిపి ఎల్లుండికల్లా కావాలన్నాను.

వారం తిరిగి వెళ్ళాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని నా ముందు నిలబడ్డాడు. బండి వైపు చూడలేదు.

"ముందు చెప్పండి."

"బాగుంది."

"బాగుందంటే? ఎక్కడ బాగుంది? ఎక్కడ బాగలేదు?"

చెప్పడం రాలేదు నాకు. మళ్ళీ వారం తిరగమన్నాడు. రెండోసారి బుద్ధిగా గమనించుకుని వెళ్ళాను. "స్టీరింగ్ మాట వింటోంది. కానీ వంతెన అతుకుల మీద బంతిలా ఎగురుతోంది," అన్నాను. ముఖం వెలిగిపోయింది ఆయనకి. "ఆఁ, అట్టా చెప్పాల," అని టైర్లలో గాలి తగ్గించి, తలుపు మీద కంపెనీ వాళ్ళు రాసిన లెక్కకి తెచ్చాడు. వారం తిరిగి రమ్మన్నాడు. ఆ పై వారం, బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగుతోందని చెప్పాను. ముందు చక్రాలని పట్టుకునే రబ్బరు బుష్‌లు చీలిపోయాయని చూపించి, అవి మార్చి, చక్రాల వరస సరిచేయించాడు. మళ్ళీ వారం.

ఆ వారాలు గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. నేను చెప్పేది చివరిదాకా, మధ్యలో అడ్డం రాకుండా, సుత్తి పక్కన పెట్టి విన్న మనిషి నాకు అంతకు ముందు తగల్లేదు. ఇంట్లో ఒక మాట మొదలుపెడితే రెండో మాటకల్లా సలహా వస్తుంది. ఈయన సలహా ఇచ్చేవాడు కాదు. ఇంకొంచెం చెప్పండి అనేవాడు. చెబుతూ చెబుతూ ఉండగానే నా భయం ఎక్కడెక్కడ ఉందో నాకే తెలిసొచ్చేది. డెబ్బై మీద వంతెన దిగిన రోజు కారు ఆపి ఆయనకి ఫోన్ చేశాను. "ఇప్పుడెందుకమ్మా, వారం కాలేదుగా," అని పెట్టేశాడు.

అప్పటికి ఒక్కటే మిగిలింది. వంతెన దిగాక కారు ఒకటికి మూడుసార్లు ఊగి గానీ ఆగడం లేదు. షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి, మార్చాలన్నాడు. ఆ రోజు మా ఆయన కూడా వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. ఎర్ర స్ప్రింగుల పెట్టె విప్పించాలని ఆయన పట్టుదల.

"హైవేకి గట్టి స్ప్రింగులే కరెక్టు మేస్త్రీ. కారు కిందికి దిగితే గాలికి ఊగదు. అన్ని వీడియోల్లోనూ అదే చెబుతున్నారు."

"నిజమే సార్," అన్నాడు మేస్త్రి. "అద్దంలాంటి రోడ్డు మీద భలే ఉంటయ్. ఫొటోకి ఇంకా బాగుంటయ్. కానీ నడిపేది అమ్మగారు. అమ్మా, మీరు రోజూ పోయే దారి చెప్పండి."

"సగం హైవే. సగం ముక్త్యాల రోడ్డు."

"ముక్త్యాల రోడ్డు ఎట్టా ఉంటది?"

ఎలా ఉంటుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. ఆ రోడ్డు విరగ్గొట్టిన పట్టీలేగా ఆయన షెడ్డు నిండా. అయినా నా నోటితోనే చెప్పించాడు. గుంతలు, కంకర, లారీ చక్రాలు తొక్కిన గాడులు. చెబుతుండగానే నాకు జవాబు దొరికింది. అలాంటి రోడ్డు మీద మరీ గట్టి స్ప్రింగులైతే చక్రం నేలని వదిలేసి ఎగురుతుంది. కిందికి దిగిన కారు అడుగు కంకరకి తగులుతుంది. గట్టిదనం కాదు నాకు కావాల్సింది. ఒకసారి ఊగి ఆగిపోవడం.

"స్ప్రింగులు పాతవే ఉండనీ. ఊగుడు పట్టి ఆపే మంచి షాక్ అబ్జార్బర్లు నాలుగు వెయ్యండి. గ్యాసువి. మిగతాదేదీ ముట్టుకోవద్దు," అన్నాను.

మేస్త్రి మా ఆయన వైపు తిరిగాడు. "విన్నారా సార్? నేనేం చెప్పలేదు. అమ్మగారే చెప్పారు." మా ఆయన కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత నవ్వేసి, ఎర్ర పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగం మానెయ్యమన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

వారం తిరిగి వెళ్ళాను. "వంతెన దిగాక ఒక్కసారి ఊగి నిలబడుతోంది. నిన్న బస్సు పక్క నుంచి వెళ్తే రేడియోలో పాట వింటున్నాను. బస్సు పోయాక గుర్తొచ్చింది, భయపడాల్సిందని," అన్నాను.

ఆయన వెళ్ళి మగ్గుతో నీళ్ళు ముంచుకొచ్చాడు. నడిపించి చూస్తాడేమో అనుకున్నాను. ఆయన కాళ్ళు కడుక్కోలేదు. మగ్గు నా ముందు పెట్టి, కారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఇయాళ మీరు కూచోండమ్మా. మా అల్లుడు ఊర్నించి వచ్చున్నాడు, నడుపుతాడు. కాళ్ళు కడుక్కోండి. బండి బాగున్నప్పుడు ఎట్టా ఉంటదో మీ కాలికి ఒకసారి తెలిస్తే, రేపు ఏది పాడైనా మీకే తెలిసిపోద్ది."

దిమ్మెల మీద ముగ్గురు లారీ డ్రైవర్లు కూర్చుని చూస్తున్నారు. ఇస్త్రీ చీరలో, మెళ్ళో ఫ్యాక్టరీ ఐడీ కార్డుతో ఉన్నాను. రోడ్డు పక్కన కాళ్ళు కడుక్కుని, చెప్పుల్లేకుండా, కళ్ళు మూసుకుని కూర్చోవాలా? సిగ్గేసింది. నవ్వేశాను.

"నాకెందుకు బాబాయ్, పాడైతే నీ దగ్గరికే తెస్తాగా."

ఆయన ఒక్క క్షణం అలాగే తలుపు పట్టుకుని ఉన్నాడు. "సరేనమ్మా, మీ ఇష్టం," అని మెల్లిగా మూశాడు. మగ్గు తీసుకెళ్ళి ఆ నీళ్ళు మళ్ళీ డ్రమ్ములో పోశాడు.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. ఆ ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వెళ్ళినప్పుడల్లా కాళ్ళు కడుక్కుని వెనక సీట్లో కూర్చునేవాడు, నేను నడిపేదాన్ని, ఆయనకి తెలిసేది. అలాగే జరుగుతూ ఉంటుందనుకున్నాను. ఒక మనిషి తన దగ్గరున్న విద్య మగ్గు నీళ్ళతో సహా తెచ్చి ముందు పెడితే, నలుగురూ చూస్తున్నారని వద్దన్నాను. ఆదివారం ఆ దిమ్మె మీద కూర్చుంటే నాకు గుర్తొచ్చింది అదొక్కటే. బాగా ఏడుపొచ్చింది. మా ఆయన రెండో దిమ్మె మీద కూర్చుని, దాని అంచు చేత్తో తడుముతూ ఉండిపోయాడు.

లేచాక కారులోంచి మంచినీళ్ళ సీసా తీశాను. బోర్లించిన డ్రమ్ము పక్కన చెప్పులు విడిచి, పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కాళ్ళు కడుక్కున్నాను. పంక్చర్ల కొట్టతను చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. కొంగుతో తుడుచుకుని వెనక తలుపు తీశాను.

"అదేంటి, ముందు కూర్చోవా?" అన్నాడు మా ఆయన.

"నువ్వు నడుపు. వంతెన మీదుగా పోనీ. మాట్లాడకు."

కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ తెలియలేదు. ఇంజను గరగర, మా ఆయన నిట్టూర్పు, అంతే. చిల్లకల్లు ఇంకా రాకముందే వంతెన ఎక్కాక, అతుకుల మీద ఒక్కొక్క దెబ్బా అరికాళ్ళకి రావడం మొదలైంది. కుడికాలికి మెత్తగా వచ్చి ఆగిపోతోంది. ఎడమకాలికి వచ్చింది ఆగకుండా, ఆ వెంటనే ఇంకో చిన్న దెబ్బ కొడుతోంది. ప్రతి అతుకు మీదా అంతే.

"వెనక ఎడమ చక్రం. అక్కడ బుష్ అరిగింది," అన్నాను.

"నాకేం వినపడట్లేదే."

"వినపడదు. కాలికి తెలుస్తోంది."

అద్దంలోంచి నన్ను చూశాడు. నందిగామ వచ్చేదాకా వేగం పెంచలేదు, తగ్గించలేదు.

రేపు ఆ బుష్ మార్పిస్తాను. అదొక్కటే. మిగతాదేదీ ముట్టుకోనివ్వను. వారం తిరుగుతాను. ఎక్కడ బాగుందో, ఎక్కడ బాగలేదో అరికాళ్ళతో సహా చెప్పగలను ఇప్పుడు. వారం తిరిగాక వెళ్ళి ఎవరికి చెప్పాలో మాత్రం తెలియడం లేదు.